మార్తా: కాలిక్రింద నిలువని నేల

2019వ సంవత్సరము జూన్ 18వ తేదీన ఫ్రాన్సు దేశమందలి వలాన్సియెన్ నగరములో ఇటలీతో జరిగిన ఆటలో బ్రెజిల్‌కు లభించిన పెనాల్టీని గోలుగా మార్చిన మార్తా వియెయిరా ద సిల్వా, ప్రపంచకప్పు పోటీలలో తాను చేసిన గోల్సు సంఖ్యను 17నకు పెంచి, అంతవరకు జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజ పేర నిలిచియున్న 16 గోల్సు హద్దును దాటిపోయినది. అంతకుముందు పురుషులలో గాని స్త్రీలలో గాని ఆ సంఖ్యను చేరినవారు లేరు. అప్పటికి ఆమె వయస్సు 33 సంవత్సరములు. ప్రపంచకప్పులో పాల్గొనుట అది ఐదవసారి. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యయగు ఫిఫా యేటేట నిచ్చు ఉత్తమ క్రీడాకారిణి బిరుదమును ఆమె 2006 మొదలు 2010 వరకు వరుసగా ఐదుసార్లును, 2018లో మరల నొకసారియు పొందియున్నది. తన దేశము పక్షమున ఆమె చేసిన గోల్సు నూటికి పైబడినవి; అవి పెలె చేసిన వానికన్నను, నేయ్‌మార్ చేసిన వానికన్నను అధికము.

ఈ అంకెలు క్రీడాగ్రంథములయందు లిఖితములై యున్నవి గనుక వానిని వెదకికొనుట కష్టము కాదు. వాని ప్రక్కన వ్రాయవలసిన పట్టిక మరియొకటి కలదు. అది ఆమె ఆడిన క్లబ్బుల పట్టిక. ఆమె బాల్యమున చేరిన మొదటి పెద్ద క్లబ్బు రెండేండ్లు గడచునంతలో తన మహిళాజట్టును ఎత్తివేసినది. అమెరికాలో ఆమె మొదట ఆడిన మూడు క్లబ్బులలో రెండు ఒక్కొక్క సంవత్సరము ముగియగానే మూతపడగా, మూడవది విజేతగా నిలిచిన కొలది మాసములకు ఆ లీగే అంతరించినది. స్వీడనులో యూరపు ఖండపు ఫైనల్ వరకు ఆమెను తోడ్కొనిపోయిన క్లబ్బు, ఆ ఫైనల్ జరిగిన మరుసటి మాసముననే దివాలా తీసినది. లోకమంతయు ఆమెను సర్వోత్తమ క్రీడాకారిణి యని కీర్తించుచున్న కాలమందే వీనిలో పెక్కు జరిగినవి. ఒక స్త్రీ ఫుట్‌బాల్‌ను జీవనవృత్తిగా స్వీకరించుట యన నేమో తెలిసికొనగోరువారికి గోల్సు పట్టికకంటె ఈ రెండవ పట్టికయే ఎక్కువ చెప్పునని నా విశ్వాసము.

బ్రెజిల్ ఈశాన్యభాగమున అలగోవాస్ అను చిన్న రాష్ట్రము కలదు. సముద్రతీరమును విడిచి లోపలికి పోయినకొలది వానలు తగ్గి, ముండ్లపొదలును, జెముడు జాతి మొక్కలును తప్ప వేరు పచ్చదనము కానరాని కరవునేల ఎదురగును. ఆ నేలయందు, పదివేల పైచిలుకు జనముగల దోయిస్ రియాషోస్ అను ఊరిలో, 1986 ఫిబ్రవరి 19న మార్తా జన్మించినది. నలుగురు బిడ్డలలో ఆమె కడగొట్టుది. ఆమెకు ఏడాది నిండునప్పటికే తండ్రి కుటుంబమును విడిచిపోవుటచే, తల్లి తెరేజా తన రెక్కల కష్టముమీదనే నలుగురను పోషింపవలసివచ్చెను. తల్లి తెల్లవారకమునుపే పనికి పోయి చీకటిపడిన పిదపగాని ఇల్లు చేరకుండుటవలన, ఆ పిల్ల వీధిలో మగపిల్లలతో బంతి తన్నుచు పెరిగినది. ఆ బంతియైనను గాలిపోయిన పాతబంతియో, లేక ప్లాస్టిక్ సంచులను ఉండగా చుట్టి కట్టినదో యై యుండెను. అట్టి బంతి నేలపై సరిగా దొరలదు, తన్నినవైపు పోదు. దానిని పాదమునకు అంటిపెట్టుకొని యుంచుట నేర్చినవారికి తరువాత చేతికివచ్చు మంచిబంతి చెప్పినమాట వినుటలో వింతలేదు. ఆమె ఎడమపాదమునకు అలవడిన నేర్పు ఆ వీధిలోనే మొలకెత్తినది.

ఊరివారికి ఆ నేర్పుకంటె ఆమె ఆడపిల్ల యనుటయే ముందుగా కనబడెను. ఆడపిల్ల మగపిల్లలతో కలిసి ఆడుటేమని ఇరుగుపొరుగువారు సణిగిరి; ఇంట అన్నలును అడ్డుచెప్పిరి. సమీప పట్టణమున జరిగిన బాలుర పోటీలలో ఆమె ఆడుచుండగా, ఈ పిల్ల ఆడునేని మా జట్టును మేము వెనుకకు తీసికొనిపోయెదమని ఒక శిక్షకుడు పట్టుపట్టిన సంగతిని ఆమె పెద్దయైన పిదప తానే వ్రాసికొన్నది. ఆ పోటీలలోనికి ఆమెను అటుపిమ్మట రానీయలేదు. ఓడిపోవుదుమను భయమును మర్యాద యను ముసుగుక్రింద దాచుట మనుష్యులకు క్రొత్త కాదు; అయినను పదేండ్ల పిల్లపై ప్రయోగింపబడినప్పుడు అది మిక్కిలి క్రూరముగా తోచును.

ఆ శిక్షకుని మాటవెనుక ఒక చట్టపు నీడ యున్నది. 1941 ఏప్రిల్ 14న గెటూలియో వార్గస్ ప్రభుత్వము క్రీడల వ్యవస్థకై చేసిన శాసనములో, స్త్రీల ప్రకృతికి సరిపడని క్రీడలను వారు ఆడరాదను నిబంధన నొకదానిని చేర్చినది. ఆ క్రీడలేవో 1965లో ప్రత్యేకముగా పేర్కొనబడినప్పుడు అందు ఫుట్‌బాల్ ఉన్నది. ఆ నిషేధము 1979 వరకు తొలగలేదు. అనగా బ్రెజిల్ పురుషులు 1958, 1962, 1970 సంవత్సరములలో ప్రపంచకప్పును గెలిచి, ఫుట్‌బాల్ అనిన బ్రెజిల్, బ్రెజిల్ అనిన ఫుట్‌బాల్ అని లోకముచే అనిపించుకొన్న ఆ మహోజ్జ్వల కాలమంతటను, ఆ దేశపు స్త్రీలకు ఆ క్రీడ శాసనవిరుద్ధమైనదే. మార్తాతో కలిసి చిరకాలము ఆడి, ఏడు ప్రపంచకప్పులలోను, ఏడు ఒలింపిక్ పోటీలలోను పాల్గొన్న ఫార్మీగా 1978లో, నిషేధము ఇంకను అమలునందుండగనే, జన్మించినది.

ఇది బ్రెజిల్ యొక్క ప్రత్యేక దోషమని తలపరాదు. ఇంగ్లండులో మొదటి ప్రపంచయుద్ధకాలమున కర్మాగారములలో పనిచేసిన యువతులు జట్లుగా నేర్పడి ధర్మకార్యముల నిమిత్తము ఆడుచుండిరి. వారిలో ప్రెస్టన్ పట్టణమునకు చెందిన డిక్ కెర్ జట్టు 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మైదానమున ఆడినప్పుడు 53,000 మంది ప్రేక్షకులు వచ్చిరి. సరిగా సంవత్సరమైనను నిండకమునుపే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము తన అధీనమందలి మైదానములలో స్త్రీలను ఆడనీయరాదని తీర్మానించినది. ఆ తీర్మానము సుమారు అర్ధశతాబ్దము నిలిచినది. పశ్చిమ జర్మనీలోను 1955 మొదలు 1970 వరకు అట్టి నిషేధమే యుండెను. స్త్రీల ఆటను చూచుటకు జనము రారని నేడు వాదించువారు గుడిసన్ పార్కునకు వచ్చిన ఆ యేబది మూడువేల మందిని జ్ఞప్తియందుంచుకొనవలెను. జనము వచ్చిరి, వచ్చినవారి యెదుట తలుపులు మూయబడినవి. తాత చూచిన జట్టును తండ్రియు, తండ్రి చూచిన జట్టును కొడుకును చూచుటచేత పురుషుల క్లబ్బులకు అభిమానులు వంశపారంపర్యముగా సంక్రమించినారు; స్త్రీల క్లబ్బులకు ఆ పరంపర మొదటి తరముననే తెంచివేయబడినది. మార్తా జీవితమున ఒకదాని వెంట నొకటిగా క్లబ్బులు కూలుటకు మూలకారణము ఇచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది.

2000వ సంవత్సరమున, పదునాలుగేండ్ల వయస్సులో, ఆమె రియో డి జెనీరోకు బయలుదేరినది. అలగోవాస్‌నుండి ఆ నగరమునకు బస్సులో మూడుదినముల ప్రయాణము. అచ్చట సుప్రసిద్ధమైన వాస్కో ద గామా క్లబ్బులో మహిళాజట్టుకు శిక్షకురాలైన హెలెనా పషెకో ఆమెను పరీక్షించి, ఆ పిల్ల యెట్టిదో వెంటనే గుర్తించి చేర్చుకొన్నది. మాట్లాడుటకే బెదరు ఆ పల్లెటూరి బాలికకు నగరమున బంధువని చెప్పుకొన దగినది బంతి యొక్కటియే. రెండేండ్లు గడచునప్పటికి వాస్కో తన మహిళాజట్టును రద్దుచేయగా, ఆమె మీనాస్ జెరాయిస్ రాష్ట్రమందలి శాంత క్రూజ్ అను చిన్న క్లబ్బును ఆశ్రయింపవలసివచ్చినది. అయినను 2003లో, పదునేడవ యేట, ఆమె అమెరికాలో జరిగిన ప్రపంచకప్పులో తన దేశపు జెర్సీ ధరించి మూడు గోల్సు చేసినది. మరుసటి సంవత్సరము ఏథెన్సు ఒలింపిక్సులో బ్రెజిల్ ఫైనల్ చేరి, అదనపు సమయమున అమెరికా చేతిలో 2–1 తేడాతో ఓడి, రజతపతకమును పొందినది.

ఆ నడుమనే ఆమెకు స్వీడనునుండి పిలుపు వచ్చినది. ఉమెయో యనునది ఆ దేశపు ఉత్తరభాగమున, ఆర్కిటిక్ వలయమునకు కొంత దిగువగా నున్న విశ్వవిద్యాలయ పట్టణము. డిసెంబరు మాసమున అచ్చట పగలు నాలుగైదు గంటలకు మించదు. మైదానములు మంచుతో కప్పబడియుండును. జీవితమున కరవునేలను, ఎండను మాత్రమే యెరిగిన పదునెనిమిదేండ్ల యువతి, తనకు రాని భాష మాటలాడు జనులమధ్యకు, అట్టి శీతలదేశమునకు 2004 ఆరంభమున చేరినది. ఆ చిన్నపట్టణపు క్లబ్బు అప్పటికే యూరపులో పేరెన్నికగన్నది. స్త్రీలు ఫుట్‌బాల్ ఆడుటను అచ్చట ఎవ్వరును వింతగా చూడరు. ఆడినందులకు జీతమును, ఉండుటకు ఇల్లును, చలికాలమందును అభ్యాసమునకు తగిన ఏర్పాట్లును ఉండెను. వచ్చిన యేడే ఉమెయో జట్టు జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు జట్టును రెండు ఆటలలో కలిపి 8–0 తేడాతో ఓడించి యూరపు కప్పును గెలుచుకొన్నది. 2005 మొదలు 2008 వరకు నాలుగేండ్లును స్వీడిష్ లీగు ఆ జట్టుదే. లీగులో ఆమె ఆడిన 103 ఆటలలో 111 గోల్సు చేసినది. ఆమె ఆ దేశభాషను నేర్చి, 2017లో ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించుట చూడగా, తన వృత్తికి మొదటిసారి గౌరవమిచ్చిన నేలపై ఆమెకుగల మమకారము తెలియుచున్నది.

ఆమె ఆట ఎట్టిదో మాటలలో చెప్పబూనుట సాహసమే యైనను, ఒక్క గోలును గూర్చి చెప్పక తప్పదు. 2007లో చైనాయందు జరిగిన ప్రపంచకప్పు సెమీఫైనల్‌లో, సెప్టెంబరు 27న హాంగ్‌జౌ నగరమున, బ్రెజిల్ అమెరికా నెదుర్కొన్నది. అమెరికా జట్టు అప్పటికి 51 ఆటలలో ఓటమి యెరుగనిది. 79వ నిమిషమున పెనాల్టీ పెట్టెకు ఎడమప్రక్క, గోలువైపు వీపుంచి నిలిచిన మార్తాకు బంతి అందినది. ఆమె వెన్నంటి అమెరికా రక్షకురాలు నిలిచియున్నది. మార్తా బంతిని పాదముతో మెల్లగా తాకి ఆ రక్షకురాలి కొకవైపునుండి వెనుకకు పోనిచ్చి, తాను రెండవవైపునుండి చుట్టి పరుగిడి, ఆమె తిరిగి చూచునంతలో అవతల మరల బంతిని కలిసికొని, ఎదురువచ్చిన ఇంకొక రక్షకురాలిని ప్రక్కకు తప్పించి, గోల్‌కీపరు బ్రయానా స్కర్రీని దాటించి వలలోనికి కొట్టినది. రెప్పపాటున జరిగిన యీ క్రియలో బలము చూపవలసిన యవసరమే కలుగలేదు. ఎదుటివ్యక్తి తన భారమును ఏ పాదముపై మోపియున్నదో, ఎటు తిరుగుటకు ఆమెకు ఆలస్యమగునో, వెనుకనున్నదానిని చూడకయే తెలిసికొన్న బుద్ధియే అందున్నది. బ్రెజిల్ ఆ ఆటను 4–0 తేడాతో గెలిచినది.

మూడుదినముల తరువాత షాంఘైలో ఫైనల్ జరిగెను. ఆ పోటీలలో ఒక్క గోలునైనను ఇతరులకీయని జర్మనీ జట్టు అచ్చటను ఈయలేదు. తమ జట్టు ఒక గోలు వెనుకబడియుండగా లభించిన పెనాల్టీని మార్తా కొట్టగా, గోల్‌కీపరు నాదీన్ ఆంగెరర్ దానిని నిలిపివేసినది; జర్మనీ 2–0 తేడాతో గెలిచినది. ఏడు గోల్సు చేసి, అత్యధిక గోల్సు చేసినందుకును, పోటీలన్నిటిలో ఉత్తమ క్రీడాకారిణిగాను ఆమె రెండు బహుమతులను పొందినను, కప్పుమాత్రము చేజారిపోయినది. పతకముల ప్రదానసమయమున బ్రెజిల్ క్రీడాకారిణులు తమకు ఆదరణ కావలెనని వ్రాసిన బ్యానరును పైకెత్తి చూపిరి. ప్రపంచమున రెండవ స్థానమును పొందిన జట్టు, విజయోత్సాహముతో నుండవలసిన వేదికపై నిలిచి, మాకు నిలువ నీడ నీయుడని తన దేశమును అర్థింపవలసివచ్చుట నాకు ఆ పోటీలన్నిటిలో మరపురాని దృశ్యము.

ఆ దేశమున ప్రేక్షకులు లేరందురా? ఆ యేడే జూలై 26న రియోలోని మరకనా మైదానమున, పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్‌లో బ్రెజిల్ మహిళలు అమెరికా పంపిన యువజట్టును 5–0 తేడాతో ఓడించినప్పుడు అరువదివేలకు మించిన జనము వచ్చియుండిరి. ఆ పిమ్మట మరకనాలో మహామహులైన ఆటగాండ్ర పాదముద్రలనుంచు చోట మార్తా పాదముద్రలను చేర్చిరి. ఆ గౌరవమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. పాదముద్రలకు సిమెంటు దొరకినది గాని, ఆ పాదములు సంవత్సరము పొడుగున ఆడుటకు తగిన లీగు ఆ దేశమున అప్పటికి లేకపోయినది.

ఇక అమెరికా విషయము. మహిళలకై పూర్తికాలపు వృత్తి లీగును మొట్టమొదట నెలకొల్పినది ఆ దేశమే. 2001లో ఆరంభమైన ఆ లీగు మూడేండ్లకే, 2003లో, మూతపడెను. 2009లో రెండవ లీగు పుట్టినప్పుడు దానికి ముఖ్యాకర్షణగా మార్తాను రప్పించిరి. లాస్ ఏంజిలిస్ సోల్ జట్టున ఆమె చేరగా, ఆ జట్టు లీగు దశలో ప్రథమస్థానమున నిలిచినది, ఆమె అందరికంటె ఎక్కువ గోల్సు చేసినది; 2010 జనవరిలో క్లబ్బు మూతపడినది. కాలిఫోర్నియాలోనే గోల్డ్ ప్రైడ్ అను మరియొక క్లబ్బులో చేరినది. ఆ జట్టు విజేతయైనది, ఆమె మరల అత్యధికముగా గోల్సు చేసినది. ఆ సంవత్సరాంతము లోపలనే ఆ క్లబ్బును మూతపడినది. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ జట్టున చేరినది. ఆ జట్టును విజేతయైనది. 2012 ఆరంభమున లీగు ఆటలు నిలిపివేయబడి, కొలది మాసములకు లీగే రద్దయ్యెను. కౌలుకు దీసికొన్న చేనిలో ఏటికేడు పంట పండించుచు, కోతలు కాగానే చేను విడిచిపొమ్మనిపించుకొను రైతువలె ఆమె మూడేండ్లు మూడు క్లబ్బులు మారినది. ఈ విరామకాలములందు స్వదేశమున శాంతోస్ క్లబ్బు పక్షమున ఆడి 2009లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పును గెలిపించినది. 2012 ఆరంభమున ఆ శాంతోస్ కూడ వ్యయభారము పేర తన మహిళాజట్టును రద్దుచేసి, 2015 వరకు మరల తలపెట్టలేదు.

సాధారణపాఠకునికి ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును: గెలుచు జట్లు ఎట్లు మూతపడును? క్లబ్బునకు ఆదాయము ముఖ్యముగా మూడుదారుల వచ్చును: మైదానమునకు వచ్చు జనుల టిక్కెట్లవలన, టెలివిజన్ సంస్థలు ప్రసారహక్కులకు చెల్లించు సొమ్మువలన, జెర్సీపై తమ పేరు వేయించుకొను వ్యాపారసంస్థలవలన. ఈ మూడును కాలక్రమమున మాత్రమే పెరుగునవి. పెద్ద పురుషుల క్లబ్బులకు స్వంత మైదానము, నూరేండ్ల అభిమానులు, స్థిరపడిన ప్రసారఒప్పందములు ఉన్నవి. క్రొత్తగా పుట్టిన మహిళా క్లబ్బు అద్దెమైదానమున, టెలివిజన్‌లో కనబడక, ఒకరిద్దరు ధనికుల పెట్టుబడిపై నడచుచు, మొదటి రెండు మూడేండ్ల నష్టము చూచి వారు వెనుకడుగు వేయగానే కూలిపోవును. క్రీడాకారిణి ఎన్ని గోల్సు చేసినను ఆ లెక్క మారదు. పురుషుల క్లబ్బునకు అనుబంధముగా నున్న మహిళాజట్టుకైనను రక్షణ తక్కువయే. ఖర్చు తగ్గింపవలెనను మాట వచ్చినప్పుడు ముందుగా కత్తివేటు పడునది దానిమీదనే.

స్వీడనుకు తిరిగి వచ్చినను ఆ దురదృష్టము ఆమెను వెన్నంటినది. స్టాక్‌హోము శివారునందలి త్యూరెసో క్లబ్బు దూరదేశముల ప్రతిభావంతులను సమకూర్చి 2012లో లీగును గెలిచి, 2014 మే 22న లిస్బన్ నగరమున యూరపు చాంపియన్స్ లీగు ఫైనల్ ఆడినది. మార్తా రెండు గోల్సు చేసినను జర్మనీయందలి వోల్ఫ్స్‌బర్గ్ జట్టు 4–3 తేడాతో గెలిచెను. అప్పటికే ఆ క్లబ్బు అప్పులపాలై యుండెను. జూన్‌లో లీగునుండి వైదొలగి దివాలా ప్రకటించినది. ఆమె మాల్మో నగరమందలి రోసెన్‌గోర్డ్ క్లబ్బునకు పోయి, 2014లోను, 2015లోను లీగు గెలిచినది. ప్రతిసారియు మూటముల్లె సర్దుకొని, క్రొత్త ఊరిలో క్రొత్త జట్టుతో ఆటను మరల సమన్వయించుకొని, మరల ప్రథమస్థానమునకు చేరుట యనునది నా దృష్టిలో హాంగ్‌జౌ గోలుకంటె తక్కువది కాదు.

2016లో రియో ఒలింపిక్సు జరిగినప్పుడు బ్రెజిల్ జనులు తమ మహిళాజట్టును క్రొత్తగా కన్నట్లు చూచిరి. పురుషులజట్టు మొదటి ఆటలలో తడబడుచుండగా, స్త్రీలు చక్కగా ఆడుచుండుటచే, నేయ్‌మార్ పేరుగల జెర్సీ తొడుగుకొన్న ఒక బాలుడు ఆ పేరును కొట్టివేసి క్రింద చేతివ్రాతతో మార్తా యని వ్రాసికొన్న ఛాయాచిత్రము దేశమంతట వ్యాపించినది. ఇద్దరును ధరించినది 10వ సంఖ్యయే గనుక ఆ బాలునికి పేరు మార్చిన చాలినది. స్త్రీలు సెమీఫైనల్‌లో స్వీడన్ చేతిలో పెనాల్టీలపై ఓడి, కాంస్యమునుకూడ పోగొట్టుకొనిరి. ఆమెను లంగా కట్టిన పెలె యని పిలుచుట చాలకాలముగా వాడుకలో నుండెను. ప్రశంసగానే యనిరి గాని, ఆ బాలుని జెర్సీపై వ్రాత దానికంటె న్యాయమైన ప్రశంస యని నేననుకొందును.

2017లో ఆమె అమెరికాకు మరల పోయి ఓర్లాండో ప్రైడ్ క్లబ్బులో చేరినది. అది 2013లో ఆరంభమైన మూడవ లీగునకు చెందినది. ఆ లీగు ముందటి రెండింటి పతనమునుండి పాఠము నేర్చి, మొదటి యేండ్లలో ఖర్చును అదుపునం దుంచుకొని నడచినది. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళావిభాగము ఆమెను సద్భావన రాయబారిగా నియమించినది. 2019 ప్రపంచకప్పునకు వచ్చునప్పటికి ఆమె బూట్ల ఒప్పందము ముగిసియుండెను. పురుషులకిచ్చు దానితో పోల్చిన మిక్కిలి తక్కువగా వచ్చిన క్రొత్త ఒప్పందములను ఆమె నిరాకరించి, ఏ కంపెనీ గుర్తును లేని నల్లని బూట్లపై స్త్రీపురుషుల సమానత్వమును సూచించు చిహ్నమును మాత్రము వేయించుకొని ఆడినది. ఆస్ట్రేలియాపై గోలు చేసి, ఐదు ప్రపంచకప్పులలో గోలుచేసిన మొదటి వ్యక్తిగా నిలిచిన క్షణమున ఆమె తన పాదమునెత్తి ఆ చిహ్నమును వేలితో చూపినది. కంపెనీ ఒప్పందమువలన వచ్చు ధనము క్రీడాకారిణికి జీతమంతటి ముఖ్యమైనది. దానిని వదలుకొనుట మాటతో చేసిన నిరసన కాదు.

ఆ పోటీలలో జూన్ 23న ల ఆవ్ర్ నగరమున ఫ్రాన్సుతో అదనపు సమయమున ఓడిన పిమ్మట ఆమె కెమెరావైపు తిరిగి తన దేశపు బాలికల నుద్దేశించి మాటలాడినది. తన సహచరులగు ఫార్మీగా, క్రిస్టియాన్, తాను ఎల్లకాలము ఉండబోమనియు, మహిళా ఫుట్‌బాల్ మనుగడ ఇక మీ చేతిలోనే యున్నదనియు, చివర నవ్వవలెనన్న మొదట ఏడ్వవలెననియు ఆమె చెప్పిన సారాంశము. ఓడిన నాయకురాలు తన బాధను చెప్పుకొనుటకు మారుగా రాబోవు తరమును మందలించుట చూచి నేను చలించితిని.

ఆ మందలింపు వినబడక పోలేదు. ఫుట్‌బాల్ పాలకులును మెల్లగా కదలిరి. 2019నుండి దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీలలో పాల్గొనగోరు పురుషుల క్లబ్బు తప్పక మహిళాజట్టును కూడ నడుపవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. 2020లో బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య, దేశపు జట్టున ఆడు పురుషులకును స్త్రీలకును దినభత్యములును బహుమానములును సమానముగా నిత్తునని ప్రకటించినది. దయచేత నిలిపిన జట్టు నియమముచేత నిలిచిన జట్టైనప్పుడు, అందు చేరు పదునాలుగేండ్ల పిల్ల రెండేండ్ల తరువాత ఎక్కడికి పోవుదునా యని భయపడవలసిన యవసరము కొంత తగ్గును. ఈ మార్పులన్నియు మార్తా యొక్కతెవలన కలిగినవని చెప్పజాలము. ఆమె కనబడకుండినచో ఇంత త్వరగా కలిగియుండవని మాత్రము చెప్పవచ్చును.

2022లో మోకాలి కీలుబంధము తెగి ఆమె ఏడాదికాలము ఆటకు దూరమైనది. 2023లో ఆస్ట్రేలియా, న్యూజీలండులలో జరిగినది ఆమెకు ఆరవ ప్రపంచకప్పు. జమైకాతో 0–0గా ముగిసిన ఆటతో బ్రెజిల్ తొలిదశలోనే వెనుదిరిగినది. ఆ ఆటకు ముందునాడు విలేకరులతో మాటలాడుచు ఆమె కంట తడిపెట్టినది: తాను ఆట ప్రారంభించిననాడు ఆదర్శముగా చూచుకొనుటకు ఒక స్త్రీయైనను టెలివిజన్‌లో కనబడలేదనియు, నేడు వీధిలో తల్లిదండ్రులు తన్ను నిలిపి తమ కుమార్తె మీవలె కాదలచినదని చెప్పుచున్నారనియు ఆమె యన్నది.

అక్కడితో ఆమె కథ ముగిసినదని తలచినవారు తొందరపడిరి. 2024లో, 38వ యేట, ఆమె పారిస్ ఒలింపిక్సులో ఆడినది. స్పెయినుతో జరిగిన ఆటలో కాలు మరీ పైకెత్తినందుకు రెడ్‌కార్డు పొంది కన్నీటితో మైదానమును విడిచి, రెండు ఆటలకు దూరమైనది. సహచరులు ఆమె లేకయే ఫ్రాన్సును, స్పెయినును ఓడించి ఆమెకు ఫైనల్ దక్కించిరి. ఫైనల్‌లో అమెరికా 1–0 తేడాతో గెలుచుటచే, 2004, 2008 సంవత్సరములవలెనే మూడవసారియు ఆమెకు రజతమే మిగిలినది. మూడుసార్లును ప్రత్యర్థి అమెరికాయే. ప్రపంచకప్పు గాని ఒలింపిక్ స్వర్ణము గాని లేనందున ఆమె వృత్తిజీవితము అసంపూర్ణమని వ్రాయువారు కలరు. ఆ మూడు ఫైనల్సులో ఎదురునిలిచిన జట్టు వెనుక దశాబ్దముల విశ్వవిద్యాలయ క్రీడావ్యవస్థ యుండగా, బ్రెజిల్ జట్టు వెనుక నేమున్నదో పైన చెప్పితిని. ఆ రెండింటిని తూచక ఈ తీర్పు చెప్పుట అన్యాయము.

అదే సంవత్సరము ఓర్లాండోలో ఆమె కృషి ఫలించినది. అప్పటివరకు ఒక్క కప్పునైనను ఎరుగని ఆ క్లబ్బు, సంవత్సరారంభమునుండి 23 ఆటలు ఓడక, లీగు ప్రథమస్థానమును చేజిక్కించుకొన్నది. కాన్సాస్ సిటీ జట్టుతో జరిగిన సెమీఫైనల్‌లో మార్తా రక్షకులను ఒకరి వెంట నొకరిని తప్పించి, గోల్‌కీపరునుకూడ దాటి చేసిన గోలు, వయస్సు ఆమె వేగమును తగ్గించినను కంటిచూపును, పాదపు మెలకువను ముట్టలేదని చాటినది. నవంబరు 23న, మహిళాజట్టుకొరకే ప్రత్యేకముగా నిర్మింపబడిన కాన్సాస్ సిటీ మైదానములో జరిగిన ఫైనల్‌ను 1–0 తేడాతో గెలిచి, నాయకురాలిగా ఆమె కప్పును ఎత్తినది. మూడు అమెరికా క్లబ్బుల అవశేషములపై నడచివచ్చిన క్రీడాకారిణికి, గెలిచిన పిదప మరుసటి యేడును అదే క్లబ్బులో ఉందునను ధీమా ఆ దేశమున మొదటిసారి కలిగినది.

2025 ఆగస్టు 2న ఈక్వడార్ రాజధాని కీటోలో, దక్షిణ అమెరికా దేశముల కప్పు ఫైనల్ బ్రెజిల్, కొలంబియా జట్ల నడుమ జరిగెను. ఆట ముగియవచ్చుచుండగా బదిలీ క్రీడాకారిణిగా దిగిన మార్తా, బ్రెజిల్ 3–2 తేడాతో వెనుకబడియుండి క్షణములు మాత్రమే మిగిలియున్నప్పుడు, పెట్టె వెలుపలనుండి కొట్టి సమము చేసినది. అదనపు సమయమున మరియొక గోలు చేసి ఆధిక్యము తెచ్చినది. కొలంబియా మరల సమము చేయగా 4–4తో పెనాల్టీలకు పోయిరి. గెలుపును ఖాయము చేయగల పెనాల్టీని మార్తాయే కొట్టినది. కొలంబియా గోల్‌కీపరు దానిని ఆపినది. పదునెనిమిదేండ్ల క్రిందట షాంఘైలో జరిగినదే మరల జరుగునేమోయని తోచుచుండగా, బ్రెజిల్ గోల్‌కీపరు లొరేనా చివరి పెనాల్టీని నిలిపివేసి తన జట్టును 5–4 తేడాతో గెలిపించినది.

2027 జూన్ 24న ఆరంభముకానున్న మహిళల ప్రపంచకప్పు బ్రెజిల్‌లో ఎనిమిది నగరములయందు జరుగనున్నది. దక్షిణ అమెరికాలో ఆ పోటీలు జరుగుట అదియే ప్రథమము. అప్పటికి మార్తాకు 41 సంవత్సరములు నిండియుండును. ఆ వయస్సున ఆమె ఆడుట న్యాయమా యని శిక్షకులు విచారించుకొందురు గాక. ఒక్క ఆటలోనైనను, చివరి పది నిమిషములకైనను, స్వదేశపు జనులయెదుట ఆమె ఆ 10వ సంఖ్య జెర్సీతో మైదానమున దిగవలెనని నేను మనసార కోరుచున్నాను.